పది నిమిషాల్లో తగ్గిపోయిన పక్షవాతం

మా పెదనాన్న ఓ రోజు పొద్దున వరండాలో కూర్చుని కాఫీ తాగుతుంటే గ్లాసు చేతిలోంచి జారి పడింది. వంగి తీసుకోబోతే కుడి చెయ్యి లేవలేదు. "ఏమైంది బావగారూ?" అని మా అమ్మ అడిగితే ఏదో చెప్పబోయారు. మాట ముద్దగా వచ్చింది, మూతి ఓ పక్కకి లాగింది. పెద్దమ్మ పరుగున వచ్చి మొహం మీద నీళ్ళు చల్లింది. పది నిమిషాలు గడిచేసరికి చెయ్యి లేచింది, మాట తేరుకుంది. "రాత్రి నిద్ర లేదు, వేడి చేసుంటుంది" అని ఆయనే తేల్చేశారు. మజ్జిగ తాగి పడుకున్నారు, సాయంత్రం గుడికి కూడా వెళ్ళొచ్చారు. ఐదో రోజు తెల్లవారుజామున మంచం మీంచి లేవలేకపోయారు. ఆ తర్వాత ఎనిమిదేళ్ళు బతికారు గానీ ఆ కుడి చేత్తో మళ్ళీ గ్లాసు పట్టుకోలేదు.

ఆ పది నిమిషాల వ్యవహారాన్ని డాక్టర్లు టీఐఏ అంటారు, మామూలుగా అందరూ మినీ స్ట్రోక్ అంటారు. మెదడుకి వెళ్ళే రక్తనాళంలో చిన్న రక్తపు గడ్డ అడ్డం పడుతుంది. కాసేపటికి దానంతటదే కరిగిపోతే లక్షణాలు మాయమవుతాయి. కరగకుండా ఉండిపోతే అది పూర్తి పక్షవాతం. మరి టీఐఏ వచ్చినవాళ్ళలో ఎంతమందికి, ఎన్నాళ్ళకి ఆ పెద్దది వస్తుంది? ఇంత మామూలు ప్రశ్నకి సరైన జవాబు 2000 దాటాక గానీ దొరకలేదంటే నమ్మబుద్ధి కాదు. అంతకుముందు వైద్యులు నమ్మిన అంకె, మొదటి వారంలో నూటికి ఒకరో ఇద్దరో. లెక్క సరిగ్గా తీస్తే అది ఎనిమిదని తేలింది.

ఆ పాత అంకె ఇచ్చినవాళ్ళు తెలివితక్కువ వాళ్ళేమీ కాదు. వాళ్ళు చూసిన చోటు తప్పు.

ఆసుపత్రిలో కూర్చున్న డాక్టరుకి ఆసుపత్రికి వచ్చినవాళ్ళే కనిపిస్తారు. తగ్గిపోయింది కదా అని రానివాళ్ళు కనిపించరు. దారిలో పోయినవాళ్ళు కనిపించరు. తొంభై ఏళ్ళ మనిషిని ఈ వయసులో ఎక్కడికి తిప్పుతాం అని ఇంట్లోనే చూసుకున్న కుటుంబం కనిపించదు. ఇంకో చిక్కు కూడా ఉంది. ఓ పెద్దాసుపత్రి "ఈ ఏడు మా దగ్గరకి ఇన్ని పక్షవాతం కేసులొచ్చాయి" అని చెప్పగలదు గానీ, అవి ఎంత జనంలోంచి వచ్చాయో చెప్పలేదు. భిన్నంలో పై అంకె ఉంది, కింది అంకె లేదు. కింద ఏమీ లేకుండా జబ్బు పెరిగిందో తగ్గిందో ఎవరు చెప్పినా అది ఊహే. ఊళ్ళో కొత్తగా స్కానింగ్ సెంటర్ తెరిచినా కేసులు "పెరుగుతాయి" మరి.

ఈ సంగతి మొదట పెద్ద ఎత్తున పట్టించుకున్నది అమెరికా. 1945 ఏప్రిల్ 12న అధ్యక్షుడు రూజ్వెల్ట్ మెదడులో రక్తస్రావమై చనిపోయారు. ఆ మధ్యాహ్నం ఆయన బీపీ 300/190. అంత బీపీ ఉన్న మనిషి దేశాన్ని నడుపుతుంటే చేయగలిగింది పెద్దగా లేని కాలం అది. మూడేళ్ళకి, 1948లో, మసాచుసెట్స్ రాష్ట్రంలోని ఫ్రామింగ్‌హామ్ అనే ఊళ్ళో 5,209 మందిని ఎంచుకుని, వాళ్ళకి క్రమం తప్పకుండా పరీక్షలు చేస్తూ ఎవరికి గుండెజబ్బు వస్తుందో చూడటం మొదలుపెట్టారు. బీపీ, కొలెస్ట్రాల్, సిగరెట్లు గుండెపోటుకి దారితీస్తాయని ఈరోజు మనం అంత ధీమాగా అనుకోవడానికి చాలావరకు ఆ ఊరే కారణం. దాని గురించి అందరూ రాస్తారు కాబట్టి ఇక్కడ ఆపుతాను. నేను చెప్పాలనుకున్నది ఇంగ్లండులో జరిగిన ఇంకో పని. దానికి అంత పేరు లేదు గానీ, పెదనాన్న గ్లాసుకి సంబంధించింది అదే.

పేరు ఆక్స్‌ఫర్డ్ వాస్క్యులర్ స్టడీ. 2002 ఏప్రిల్ 1న మొదలైంది. నడిపించింది పీటర్ రాత్‌వెల్ అనే న్యూరాలజీ ప్రొఫెసర్. ఫ్రామింగ్‌హామ్‌లో ఆరోగ్యంగా ఉన్నవాళ్ళని తీసుకుని, వాళ్ళకి ఏమవుతుందా అని ఎదురు చూశారు. ఆక్స్‌ఫర్డ్ వాళ్ళు వేరే దారి పట్టారు. ఆ ప్రాంతంలోని తొమ్మిది వైద్యశాలల్లో పేరు నమోదై ఉన్న 91,106 మందినీ, పుట్టిన పాప నుంచి పండు ముసలి దాకా, తమ లెక్కలోకి తీసుకున్నారు. వాళ్ళలో ఎవరికి పక్షవాతం వచ్చినా, టీఐఏ వచ్చినా, గుండెపోటు వచ్చినా, కాలికి వెళ్ళే రక్తనాళం మూసుకుపోయినా, ఒక్కటీ వదలకుండా పట్టుకోవాలన్నది పంతం. బ్రిటన్‌లో దాదాపు ప్రతి మనిషికీ ఒక ఫ్యామిలీ డాక్టరు ఉంటాడు, ఆ డాక్టరు దగ్గర పేరు రాయించుకుని ఉండాలి. అంటే భిన్నంలో కింది అంకె వాళ్ళకి ఉచితంగా దొరికింది. మనకి దొరకనిది అదే, ఆ మాటకి తర్వాత వస్తాను.

ఒక్కటీ వదలకుండా పట్టుకోవడమంటే ఎలా? వాళ్ళ పద్ధతిలో రెండు రకాల వేట ఉంది. మొదటిది వేడి మీద ఉండగానే పట్టుకోవడం. రోజూ పొద్దున్నే ఆసుపత్రి వార్డుల్లో కొత్తగా చేరినవాళ్ళ జాబితా చూస్తారు, క్యాజువాలిటీ చీటీలు తిరగేస్తారు. ఫ్యామిలీ డాక్టర్లు అనుమానమున్న ప్రతివాళ్ళనీ రోజూ నడిచే క్లినిక్‌కి పంపుతారు. రెండోది చల్లారాక వెతకడం. ఫ్యామిలీ డాక్టర్ల కంప్యూటర్లలో రాసిన రోగనిర్ధారణలు, మెదడు స్కాన్ల కోసం రాసిన చీటీలు, మరణ ధ్రువపత్రాలు, అనుమానాస్పద మరణాలు విచారించే అధికారి కాగితాలు, అన్నీ జల్లెడ పడతారు. ఒక వల సందులోంచి జారిన చేప రెండో వలలో పడాలి. ఇంట్లోనే చనిపోయి, ఏ ఆసుపత్రి గడపా తొక్కని మనిషి కూడా ఇలా లెక్కలోకి వస్తాడు. దొరికినవాళ్ళని అక్కడితో వదలరు. నెలకి, ఆరు నెలలకి, ఏడాదికి, ఐదేళ్ళకి, పదేళ్ళకి మళ్ళీ చూస్తారు. చూడటానికి గుమాస్తా పనిలా ఉంటుంది. నిజానికి గుమాస్తా పనే. ఈ సైన్సంతా ఆ గుమాస్తా పని మీద నిలబడింది.

మొదటి మూడేళ్ళ లెక్క 2005లో బయటికొచ్చింది. 1,657 మందికి మొత్తం 2,024 సార్లు ఇలాంటి దెబ్బ తగిలింది. అందులో మెదడుకి తగిలినవి 918, గుండెకి తగిలినవి 856, కాళ్ళు మొదలైన ఇతర భాగాలకి 188. మిగిలినవి ఏ రకమో తేల్చలేని మరణాలు. ఒక్క క్షణం ఆ రెండు అంకెల దగ్గర ఆగండి. గుండెపోటే పెద్ద శత్రువని, పక్షవాతం దాని చిన్న తమ్ముడని డాక్టర్లూ ప్రభుత్వాలూ అనుకుంటున్న రోజులవి. డబ్బులూ పరిశోధనా ఎక్కువగా గుండె వైపే వెళ్ళేవి. తీరా జనం మొత్తాన్ని లెక్కపెడితే మెదడు వాటా గుండె వాటాకి ఏమీ తీసిపోలేదు. ఇంకో విషయం, ఆ జనాభాలో 75 దాటినవాళ్ళు నూటికి ఆరుగురే అయినా, మెదడుకి తగిలిన దెబ్బల్లో సగానికి పైగా వాళ్ళవే. మందుల ప్రయోగాల్లో ఆ వయసువాళ్ళని చాలాసార్లు చేర్చుకోరు. ఎవరికి జబ్బు ఎక్కువో వాళ్ళ మీద సాక్ష్యం తక్కువ, ఇదో విచిత్రం.

ఇప్పుడు టీఐఏ దగ్గరికి వద్దాం. పాత అంకె ఎలా పుట్టిందో చూడండి. ఒకాయనకి సోమవారం టీఐఏ వస్తుంది. బుధవారం డాక్టరు దగ్గరికి వెళ్తాడు. ఆయన స్పెషలిస్టుకి ఉత్తరం రాస్తాడు. మూడు వారాల తర్వాత అపాయింట్‌మెంట్. అక్కడ ఎవరో అధ్యయనం చేస్తుంటే ఆ రోజున ఈయన పేరు రాసుకుంటారు, లెక్క ఆ రోజు నుంచి మొదలవుతుంది. ఈ మూడు వారాల మధ్యలో పెద్ద పక్షవాతం వచ్చినవాడు ఆ క్లినిక్‌కి ఎలా వస్తాడు? రాడు. వాడు వార్డులో ఉంటాడు, "పక్షవాతం రోగి" అనే వేరే పట్టికలో ఉంటాడు. క్లినిక్ పట్టికలో మిగిలేది గండం గడిచి బయటపడ్డవాళ్ళు. బయటపడ్డవాళ్ళని మాత్రమే లెక్కపెట్టి "పెద్ద ప్రమాదమేమీ లేదు" అన్నారు. వరద తగ్గాక ఊళ్ళో మిగిలినవాళ్ళని చూసి ఎవరూ కొట్టుకుపోలేదని రాసుకోవడం లాంటిది ఇది.

ఆక్స్‌ఫర్డ్ వాళ్ళు గడియారాన్ని క్లినిక్‌కి వచ్చిన రోజు నుంచి కాకుండా, లక్షణం కనిపించిన క్షణం నుంచి నడిపారు. 2004లో వచ్చిన లెక్క ఇది. టీఐఏ వచ్చినవాళ్ళలో ఏడు రోజుల్లోపు నూటికి ఎనిమిది మందికి, నెలలోపు పదకొండున్నర మందికి, మూడు నెలల్లోపు పదిహేడు మందికి పైగా పక్షవాతం వచ్చింది. ప్రమాదం మూడు నెలలకీ సమానంగా పరుచుకుని లేదు, మొదట్లోనే ముద్దగా ఉంది. దాన్నే తిరగేసి, పక్షవాతం వచ్చినవాళ్ళని "అంతకుముందు ఇలాంటిదేమైనా జరిగిందా" అని అడిగితే, టీఐఏ వచ్చిందన్నవాళ్ళలో నూటికి పదిహేడు మందికి అది అదే రోజున వచ్చింది. మూడు వారాల తర్వాతి అపాయింట్‌మెంట్ ఎవరికి పనికొస్తుంది చెప్పండి?

ఇక్కడిదాకా లెక్క. లెక్క తేలాక ఏం చేశారన్నది నాకు ఇంకా నచ్చిన భాగం. ఎందుకంటే కొత్త మందేమీ కనిపెట్టలేదు.

మొదటి దశలో, అంటే 2002 ఏప్రిల్ నుంచి 2004 సెప్టెంబర్ దాకా, క్లినిక్‌కి అపాయింట్‌మెంట్ తీసుకుని రావాలి. చూశాక ఏ మందులు వాడాలో క్లినిక్ వాళ్ళు ఫ్యామిలీ డాక్టరుకి ఫ్యాక్స్ చేస్తారు. ఆయన రోగిని పిలిచి మందు రాస్తాడు. అందరూ తమ పని తాము సరిగ్గానే చేస్తున్నారు. కానీ కొలిచి చూస్తే, వైద్యం కోరిన రోజు నుంచి మొదటి మందు చీటీ చేతికి అందడానికి సగటున ఇరవై రోజులు పట్టింది. రెండో దశలో, 2004 అక్టోబర్ నుంచి, రెండే మార్పులు చేశారు. అపాయింట్‌మెంట్ తీసేశారు, డాక్టరు పంపిన రోజే నేరుగా రావచ్చు. టీఐఏ అనో చిన్నపాటి పక్షవాతం అనో తేలితే మందు అక్కడే, అప్పుడే మొదలు. ఇరవై రోజులు కాస్తా ఒక్క రోజైంది. మందులు అవే: ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, కొలెస్ట్రాల్‌కి స్టాటిన్, బీపీ మాత్రలు. మెడలో రక్తనాళం బాగా పూడుకుపోయినవాళ్ళకి త్వరగా ఆపరేషన్. మన వీధి చివర మందుల షాపులో కూడా దొరికే మాత్రలే.

మొదటి దశలో క్లినిక్‌కి వచ్చిన 310 మందిలో 32 మందికి మూడు నెలల్లోపు మళ్ళీ పక్షవాతం వచ్చింది. రెండో దశలో వచ్చిన 281 మందిలో ఆరుగురికి. నూటికి 10.3 నుంచి 2.1కి, అంటే నూటికి ఎనభై వంతులు తగ్గింది. 2007లో ఈ ఫలితం వచ్చినప్పుడు సహజంగానే ఒక అనుమానం లేచింది. అపాయింట్‌మెంట్ తీసేస్తే తేలికపాటి కేసులు ఎక్కువ వచ్చి ఉండొచ్చు కదా, అందుకే ఫలితం బాగా కనిపించి ఉండొచ్చు కదా? మామూలు ఆసుపత్రి అధ్యయనం అయితే ఈ ప్రశ్న దగ్గర నోరు మూసుకోవలసిందే. ఇక్కడ క్లినిక్‌కి రానివాళ్ళ లెక్క కూడా చేతిలో ఉంది. వేరే చోట వైద్యం తీసుకున్నవాళ్ళలో చెప్పుకోదగ్గ మార్పేమీ లేదు. కాబట్టి కేసులు ఒకచోటి నుంచి ఇంకోచోటికి సర్దుకోవడం వల్ల వచ్చిన తగ్గుదల కాదని చెప్పగలిగారు. కింది అంకె విలువ ఇలాంటి చోట తెలుస్తుంది.

అయినా ఇది రెండు కాలాల పోలిక, లాటరీ తీసి రోగులని రెండు జట్లుగా విడగొట్టిన ప్రయోగం కాదు. నిక్కచ్చిగా మాట్లాడేవాళ్ళు ఆ మాట అంటారు, అనాలి కూడా. కానీ ఇంత తెలిశాక సగం మందిని ఇరవై రోజులు ఆగమని ఎవరు చెబుతారు?

మధ్యలో ఒక పిట్టకథ. అందరినీ అదే రోజు చూడటం కుదరదు కాబట్టి, ఎవరు ఎక్కువ ప్రమాదంలో ఉన్నారో చెప్పే మార్కుల పట్టిక కూడా వీళ్ళే 2005లో తయారుచేశారు. వయసు అరవై దాటిందా, బీపీ 140/90 దాటిందా, ఒక పక్క చెయ్యీ కాలూ పడిపోయాయా, మాట తేడా వచ్చిందా, ఎంతసేపు ఉంది. వీటికి మార్కులేసి కూడితే చాలు. తర్వాత షుగర్‌ని కూడా కలిపారు. ప్రపంచమంతా డాక్టర్లు ఆ పట్టికని నోటికి నేర్చుకున్నారు. 2019కి వచ్చేసరికి బ్రిటన్ మార్గదర్శకాలే దాన్ని వాడొద్దన్నాయి. మార్కులు తక్కువ వచ్చినవాళ్ళలోనూ కొందరికి పక్షవాతం వస్తోంది, అందుకని అనుమానమున్న ప్రతివాళ్ళనీ 24 గంటల్లో స్పెషలిస్టు చూడాలన్నాయి. పెదనాన్నకి ఆ పట్టికలో చాలానే మార్కులు పడేవి, అది వేరే సంగతి.

ఏళ్ళ తరబడి ఒకే చోట లెక్కపెట్టడం వల్ల ఇంకో లాభం ఉంది. అదే ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో 1981 నుంచి 1986 దాకా చార్లెస్ వార్లో నాయకత్వంలో ఇలాంటి పక్షవాతం లెక్క ఒకటి జరిగింది. కొత్త లెక్కని దాని పక్కన పెడితే, ఇరవై ఏళ్ళలో మొదటిసారి వచ్చే పక్షవాతం రేటు, వయసు తేడాలు సరిచేశాక, నూటికి 29 వంతులు తగ్గింది. మెదడులో రక్తం చిట్లే రకం అయితే సగానికి పైగా తగ్గింది. పొగతాగడం తగ్గింది, బీపీ, కొలెస్ట్రాల్ తగ్గాయి. ముసలివాళ్ళు పెరిగితే పక్షవాతాలు పెరగక తప్పదనే నిరాశకి ఇది జవాబు.

సంతోషించేలోగా ఇంకో లెక్క వచ్చింది. 2002 నుంచి 2010 దాకా ఒక భాగం, 2010 నుంచి 2018 దాకా ఒక భాగం చేసి పోల్చారు. 55 దాటినవాళ్ళలో పక్షవాతం రేటు నూటికి 15 వంతులు తగ్గింది. 55 లోపువాళ్ళలో 67 వంతులు పెరిగింది. స్కాన్లు ఎక్కువై చిన్నవి కూడా దొరుకుతున్నాయేమో అనుకుంటే, పెరుగుదలని అది పూర్తిగా వివరించలేకపోయింది. ఆ వయసువాళ్ళలో గుండెపోట్లు అలా పెరగలేదు. బీపీ, షుగర్ లాంటి తెలిసిన కారణాలేవీ లేనివాళ్ళు కూడా పెరిగారు. దీనికి తేలిగ్గా టెన్షన్ అనో, ల్యాప్‌టాప్ అనో పేరు పెట్టేయొచ్చు. లెక్కపెట్టినవాళ్ళు పెట్టలేదు, నేనూ పెట్టను.

ఇంకో చిన్న సంగతి, ఇది మన ఇళ్ళలోని పెద్దవాళ్ళకి నేరుగా పనికొస్తుంది. ఒకసారి పక్షవాతమో గుండెపోటో వచ్చినవాళ్ళు జీవితాంతం ఆస్పిరిన్ వాడుతారు. అలా వాడే 3,166 మందిని ఆక్స్‌ఫర్డ్ వాళ్ళు ఏళ్ళ తరబడి గమనించి 2017లో చెప్పిందేమిటంటే, 75 దాటినవాళ్ళలో కడుపులో రక్తస్రావం చిన్నవాళ్ళలో కంటే బాగా ఎక్కువ, వస్తే మంచాన పడేసేంత, ప్రాణం తీసేంత తీవ్రంగానూ వస్తుంది. ఆస్పిరిన్ మానేయమని కాదు, దానితోపాటు కడుపులో యాసిడ్ తగ్గించే మాత్ర కూడా ఇవ్వమని వాళ్ళ సలహా. పెద్దవాళ్ళ మందుల డబ్బాలో ఒకటి ఉండి రెండోది లేకపోతే డాక్టరుని అడగొచ్చు.

సరే, ఆక్స్‌ఫర్డ్‌షైర్ జనం చాలామంది తెల్లవాళ్ళు, ఉన్నంతలో కలిగినవాళ్ళు. ఆ అంకెల్ని తెచ్చి ఏలూరుకో నల్గొండకో అతికించలేం. గడ్డ అడ్డం పడితే మెదడు చచ్చిపోవడం అక్కడా ఇక్కడా ఒకటే గానీ, ఎంతమందికి, ఏ వయసులో అన్నది ఎక్కడికక్కడ లెక్కపెట్టుకోవాల్సిందే. మనవైపు ఎవరూ ప్రయత్నించలేదా అంటే ప్రయత్నించారు. హైదరాబాద్ చుట్టుపక్కల 29 ఊళ్ళలో జాతీయ పోషకాహార సంస్థ 1987లో మొదలుపెట్టిన పనిని తర్వాత ఏళ్ళ తరబడి కొనసాగించారు. గర్భిణులకి, పసిపిల్లలకి అదనపు ఆహారం అందిన ఊళ్ళలో పుట్టినవాళ్ళని టీనేజీలో పరీక్షిస్తే, అందని ఊళ్ళవాళ్ళ కంటే వాళ్ళ రక్తనాళాలు కొంచెం తక్కువ బిరుసుగా ఉన్నాయి. రక్తనాళం కథ తల్లి కడుపులోనే మొదలవుతుందనడానికి మన పల్లెల్లోంచి వచ్చిన సాక్ష్యం అది.

రెండోది గోదావరి జిల్లాల్లో జరిగింది. 2003-04లో తూర్పు, పశ్చిమ గోదావరిలోని 45 ఊళ్ళలో, 1,80,162 మంది జనంలో, ఏడాదిలో పోయిన ప్రతి మనిషీ దేనివల్ల పోయారో తెలుసుకోవాలనుకున్నారు. ఇక్కడ ఫ్యామిలీ డాక్టరు జాబితా లేదు. చాలామంది ఇంట్లోనే పోతారు, పంచాయతీలో మరణం నమోదైనా కారణం దగ్గర "వృద్ధాప్యం" అనో "గుండె ఆగి" అనో ఉంటుంది. గుండె ఆగకుండా ఎవరు పోతారు? అందుకని శిక్షణ ఇచ్చిన ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వెళ్ళి, దగ్గరివాళ్ళని కూర్చోబెట్టి, చివరి రోజుల్లో ఏం జరిగిందో అడిగారు. ఛాతీలో నొప్పి అన్నారా, ఒక పక్క పడిపోయిందా, మాట పోయిందా, ఎన్ని రోజులున్నారు. ఆ జవాబుల్ని డాక్టర్లు చదివి కారణం తేల్చారు. మొత్తం 1,354 మరణాల్లో నూటికి 32 గుండె, రక్తనాళాల జబ్బులవి. గుండెపోటు, పక్షవాతం ఇంచుమించు సమానం. అంటువ్యాధులవి 12. పల్లెటూరి మనిషి మలేరియాతోనో విరేచనాలతోనో పోతాడు, గుండెజబ్బు పట్నం వాళ్ళ సొత్తు అన్న నమ్మకం ఆ ఏడాది లెక్కతో పోయింది.

కానీ ఈ పద్ధతికి ఒక హద్దుంది. అడిగేది మనిషి పోయాక, చెప్పేది ఇంట్లోవాళ్ళు. వాళ్ళకి గుర్తున్నదే లెక్కలోకి వస్తుంది. మా ఊరు ఆ 45లో లేదు. ఉండి, ఎవరైనా నోట్‌బుక్కు పట్టుకుని మా పెద్దమ్మ ముందు కూర్చున్నా, ఆవిడ తెల్లవారుజాము సంగతి పూసగుచ్చినట్టు చెప్పేది, పడిపోయిన చెయ్యి సంగతి చెప్పేది, ఎనిమిదేళ్ళు తను అన్నం కలిపి పెట్టిన సంగతి చెప్పేది. గ్లాసు జారిన సంగతి చెప్పేది కాదు. ఆవిడ దృష్టిలో ఆ రోజు ఆయనకి వేడి చేసింది, అంతే.